తాడు పట్టిన చెయ్యి

(పాతబస్తీలో కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్లారా, పెద్దమ్మలారా!

ఈ రోజు మనం కుక్కల గురించి మాట్లాడుకుందాం. "చదువుకునే చోట కుక్కల ముచ్చట ఏంది?" అని వెనక కూర్చున్న వాళ్లు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ నేను ఒక్క మాట అడుగుతాను. కుక్కకు భయపడి ఎప్పుడైనా దారి మార్చుకున్న వాళ్లు ఎవరు? చేతులెత్తండి. చూశారా! దాదాపు అందరూ ఎత్తారు. మరి ఇంట్లో కుక్కను సాకుతున్న వాళ్లు ఎవరు? కొన్ని చేతులు లేచాయి. ఈ రెండు రకాల వాళ్లూ ఒకే గల్లీలో ఉండాలి. అందుకే ఈ ముచ్చట.

మన గల్లీలు, మన గుంపులు

మన పాతబస్తీ సంగతి మీకు నేను చెప్పాలా? శాలిబండ, లాల్ దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ. ఎక్కడ చూసినా గల్లీ ఇరుకు, జనం ఎక్కువ. చార్మినార్ దగ్గర, లాడ్ బజార్‌లో, మదీనా దగ్గర సాయంత్రం పూట కాలు పెట్టే చోటు ఉండదు. గాజుల దుకాణాలు, పండ్ల బండ్లు, ఆటోలు, బడి నుంచి వచ్చే పిల్లలు. రంజాన్ నెలలో రాత్రంతా బజారే. ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలకు వేలకు వేల జనం.

ఇలాంటి చోట రెండు కుక్కలు కొట్లాడుకున్నాయి అనుకోండి. ఊళ్లో అయితే పొలం గట్టు మీద కొట్లాడి, అలిసి, ఎటు దారి అటు పోతాయి. ఇక్కడ పోవడానికి చోటేదీ? మనుషుల కాళ్ల మధ్యే దొర్లుతాయి. ఆటో పక్కకు తిరిగి ఎవరినో గుద్దుతుంది. మిర్చి బజ్జీల బండి కదిలితే మరిగే నూనె ఒలుకుతుంది. ముసలమ్మ కింద పడితే తుంటి ఎముక విరుగుతుంది. గొలుసు ఎవరి చీరకో, బురఖాకో చుట్టుకుంటుంది. కొట్లాడింది రెండు కుక్కలే. దెబ్బలు మాత్రం పది మందికి తగులుతాయి.

ఇందులో తప్పు ఎవరిది? కుక్కకు బజారు తెలియదు. దానికి చట్టం తెలియదు. తెలిసింది మనిషికి. కాబట్టి కుక్క మెడకు కట్టిన తాడు ఎవరి చేతిలో ఉందో, బాధ్యత ఆ చేతిదే. ఈ రోజు నేను చెప్పే మాటలన్నిటికీ మూలం ఈ ఒక్క మాటే.

రెండు మతాలూ దయనే చెప్పాయి

మన బస్తీలో రకరకాల వాళ్లం కలిసి బతుకుతున్నాం. భైరవుడి వాహనం కుక్క. మల్లన్న దేవుడి వెంట కూడా కుక్కలుంటాయి. ఖురాన్‌లో గుహలో నిద్రపోయిన భక్తుల కథ ఉంది. ఆ గుహ వాకిట్లో ఒక కుక్క కాళ్లు చాపుకొని పడుకుని ఉంటుంది. దాహంతో చచ్చిపోతున్న కుక్కకు ఒక ఆడమనిషి తన కాలిజోడుతో బావి నీళ్లు తోడి పోసిందని, ఆ పుణ్యానికి ఆమె పాపాలు పోయాయని ప్రవక్త చెప్పిన కథ కూడా ఉంది. దయ చూపమని అందరూ చెప్పారు.

అయితే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కుక్క చొంగ బట్టలకు తగిలితే చాలామంది ముస్లిం అక్కలు మళ్లీ కడుక్కునే దాకా నమాజు చేసుకోరు. మన కుక్క ఎంత మంచిదైనా సరే, అది వాళ్ల మీదికి ఎగిరితే వాళ్లకు కష్టమే. మడి కట్టుకొని బోనం ఎత్తుకున్న అక్కకు కూడా అంతే కష్టం. "మాది ఏమీ చేయదులే, ప్రేమగా వస్తుంది" అని అంటే సరిపోదు. ఆ ప్రేమ ఎదుటి మనిషికి కావాలా వద్దా అని ముందు చూసుకోవాలి. తాడు దగ్గరికి లాక్కుని, పక్కకు జరిగి దారి ఇవ్వాలి.

కుక్కలు ఎందుకు కొట్లాడుకుంటాయి?

ఊరికే కొట్లాడవు. కారణాలుంటాయి.

ఒకటి, జాగా. ప్రతి వీధికుక్కకూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులోకి కొత్త కుక్క వస్తే ఊరుకోదు. మనం తాడు కట్టి తీసుకుపోయే పెంపుడు కుక్క వాటికి కొత్త కుక్కే.

రెండు, తిండి. మాంసం దుకాణాల ముందు, హోటళ్ల వెనక, చెత్తకుప్పల దగ్గర ఎముక కోసం కొట్లాట మొదలవుతుంది.

మూడు, ఎద. ఒక ఆడకుక్క ఎదకు వస్తే నాలుగు గల్లీల మగకుక్కలు పోగవుతాయి.

నాలుగు, పిల్లలు. ఈనిన కుక్క తన పిల్లల దగ్గరికి ఎవరినీ రానివ్వదు. తల్లులం, ఈ సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు.

అయిదు, భయం. డప్పులు, పటాకులు, బండ్ల హారన్లు. కుక్క చెవి మన చెవి కంటే చాలా చురుకు. గుంపులో చిక్కిన కుక్క బెదురుతుంది. తాడు బిగిసి ఉంటుంది కాబట్టి పారిపోలేదు. పారిపోలేని కుక్క కరుస్తుంది.

"మొరిగే కుక్క కరవదు" అని సామెత. దాన్ని నమ్మి దగ్గరికి పోకండి. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. తోక బిగబట్టి, ఒళ్లు గట్టిచేసి, కన్ను ఆర్పకుండా చూస్తూ, మెడ మీద వెంట్రుకలు లేపిందంటే కొట్లాటకు తయారైందని తెలుసుకోండి. అప్పుడే పక్కకు మళ్లించాలి. అంటుకున్నాక ఆపడం కష్టం.

కుక్కను సాకే ఇల్లు చేయవలసినవి

చాలా ఇళ్లలో కుక్కను తెచ్చేది మగపిల్లలు. సాకేది మాత్రం ఆడవాళ్లం. తిండి పెట్టేది మనం, కడిగేది మనం, పొరుగువాళ్లతో మాటలు పడేది మనం. కాబట్టి తెచ్చేముందే అడగండి. "మన ఇంట్లో చోటుందా? దినం రెండుసార్లు ఎవరు తిప్పుతారు? సూదుల ఖర్చు ఎవరు పెడతారు?" జవాబు లేకపోతే "వద్దు" అనండి. పది పన్నెండేళ్లు బతికే ప్రాణం అది. నెల రోజుల ముచ్చట తీరాక గల్లీలో వదిలేయడం పాపం. అట్లా వదిలినవే తర్వాత వీధికుక్కలవుతాయి.

సాకుతున్నారా? అయితే ఈ పనులు తప్పవు.

పిల్లకు 3 నెలల వయసులో రేబిస్ రాకుండా సూది వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ వేయించాలి. ఆ పైన ఏడాదికొకసారి. నారాయణగూడలో సర్కారు పెద్ద పశువుల దవాఖానా ఉంది. ఏటా జూలై 6న చాలా సర్కారు పశువుల దవాఖానాల్లో ఈ సూది ఉచితంగా వేస్తారు.

పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాలి. ఆపరేషన్ అయిన కుక్క ఎద కోసం కొట్లాడదు, తిరుగుబోతు కాదు.

బల్దియాలో నమోదు చేయించాలి.

బయటికి తీసుకుపోయేటప్పుడు గట్టి మెడపట్టా, నాలుగు అడుగులకు మించని తాడు ఉండాలి. తాడును వేళ్లకు చుట్లు చుట్టకండి. కుక్క ఒక్కసారి గుంజితే వేళ్లు తెగుతాయి. బలమైన కుక్కను చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. కోపిష్టి కుక్క అయితే మూతికి జాలీ తొడగాలి. ఎద్దు మూతికి చిక్కం కడతారు చూశారా, అలాంటిదే. ఊపిరి ఆడేటట్టు, నోరు కొంచెం తెరిచేటట్టు ఉండాలి.

పొద్దున్నే గల్లీ ఖాళీగా ఉన్నప్పుడు తిప్పండి. సంతకు, జాతరకు, ఊరేగింపుకు తీసుకుపోకండి. దాని మలాన్ని మీరే కాగితంతో తీసి చెత్తబుట్టలో వేయండి. పొరుగింటి గడప ముందు వదిలి రాకండి.

ఇంకో మాట. కొందరు కుర్రాళ్లు పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి కుక్కలను దర్పం కోసం తిప్పుతారు. ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి పందెం కాస్తారు. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువులను కొట్లాడించడం నేరం. మన ఇంటి పిల్లవాడు ఆ గుంపులో ఉంటే చెవి పట్టి ఇంటికి తెచ్చుకునేది మనమే.

కొట్లాట అంటుకుంటే ఏం చేయాలి?

మొదటిది, చేతులు పెట్టకండి. కొట్లాటలో ఉన్న కుక్కకు యజమానురాలి చెయ్యి కూడా తెలియదు. నోటి దగ్గర, మెడ దగ్గర పట్టుకోబోతే కాటు మనకే పడుతుంది. చిన్న కుక్కను చంకనెత్తుకోకండి. రెండో కుక్క మన మొహం మీదికే ఎగురుతుంది.

బకెట్ నీళ్లు వాటి తలల మీద గుమ్మరించండి. గిన్నె మీద మూత పెట్టి పెద్దగా మోగించండి. ఒక అట్టో, చెక్కో, పండ్ల బుట్టో, గోనెసంచో వాటి మధ్యకు తోయండి. విడిపోగానే ఎవరి కుక్కను వారు చెరో వైపు తీసుకుపోవాలి. రాళ్లు విసరకండి. రాయి కుక్కకు తగలడం తక్కువ, మనిషికి తగలడం ఎక్కువ. పెద్దగా అరిచి గుంపు చేయకండి. ముందు పిల్లలను దూరం పంపండి.

విడిపోయాక మీ కుక్క ఒళ్లంతా వెతకండి. పంటి గాటు పైకి చిన్నదే, లోపల లోతుగా ఉంటుంది. రెండో కుక్క చొంగ దాని బొచ్చు మీద ఉంటుంది. అందుకని చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కొని కడగండి. పశువుల డాక్టరుకు చూపించండి. ముందే సూది వేసిన కుక్క అయినా సరే, మళ్లీ వేయించవలసి వస్తుంది.

పిల్లలకు కూడా నేర్పండి. కుక్క మీదికి వస్తే పరుగెత్తవద్దు. చెట్టులా కదలకుండా నిలబడాలి. కింద పడితే ముడుచుకుని, చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. తినే కుక్కను, నిద్రపోయే కుక్కను, పిల్లలున్న కుక్కను తాకవద్దు.

కాటు పడితే

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అంటారు. అది మనుషుల తగువులకు పుట్టిన సామెత. అసలు కుక్క కాటుకు కావలసింది సబ్బు నీళ్లు.

కాటు పడగానే, గీత పడినా సరే, ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. మన నల్లాలో నీళ్లు రాని వేళ అయితే చెంబుతో పోస్తూనే ఉండాలి. సగం రోగం అక్కడే కొట్టుకుపోతుంది. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏవీ పెట్టకండి. కట్టు గట్టిగా కట్టకండి. మంత్రం వేయించుకుంటూ పొద్దు పోగొట్టకండి. వెంటనే దవాఖానాకు పోవాలి.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కానీ ముందే సూదులు సరిగా వేయించుకుంటే ఆ చావును ఆపవచ్చు. ఇంత పెద్ద రోగానికి ఇంత చిన్న ఉపాయం ఉంది. 1885 జూలై 6న ఫ్రాన్స్ దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త 9 ఏళ్ల పిల్లవాడికి ఈ సూది మందు మొదలుపెట్టించాడు. పిచ్చికుక్క కరిచిన ఆ పిల్లవాడిని వాళ్ల అమ్మ దూరం నుంచి పారిస్ నగరానికి తీసుకుపోయింది. పిల్లవాడు బతికాడు. పశువుల దవాఖానాల్లో జూలై 6న సూదులు వేసేది ఆ రోజు గుర్తుగానే.

బొడ్డు చుట్టూ 14 సూదులని మన పెద్దలు భయపెట్టేవారు. ఆ పాత మందును మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు సూది భుజానికే. చర్మంలో ఇచ్చే పద్ధతిలో 4 సార్లు పోవాలి. ఈ రోజు, 3 రోజులకు, 7 రోజులకు, 28 రోజులకు. ఒకటో తేదీన మొదటి సూది పడితే, తర్వాతవి 4వ తేదీ, 8వ తేదీ, 29వ తేదీ. కండలో ఇస్తే మధ్యలో ఇంకొకటి ఉంటుంది. గాయం లోతుగా ఉన్నా, రక్తం వచ్చినా గాయం చుట్టూ ఇంకో మందు ఇస్తారు. అది కూడా అడగండి.

ఎక్కడికి పోవాలి? దగ్గరలోని సర్కారు ఆరోగ్య కేంద్రంలో ముందు అడగండి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. మన పెద్దలు దాన్ని కోరంటి దవాఖానా అంటారు. నారాయణగూడలో ఐ.పి.ఎం. ఉంది.

"మా ఇంటి కుక్కే కదా కరిచింది" అని ఊరుకోకండి. అది పొద్దున వీధికుక్కతో కొట్లాడి ఉండవచ్చు. కరిచిన కుక్కను చంపకండి. 10 రోజులు కనిపెట్టి చూడండి. చొంగ కార్చడం, గొంతు మారడం, మింగలేకపోవడం, ఊరికే మీద పడడం కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. కానీ ఆ పది రోజులు ఆగి చూసి సూది వేయించుకుందామని మాత్రం అనుకోకండి. సూది ఈ రోజే మొదలుపెట్టాలి.

ఈ మాటలు ఎందుకు చెబుతున్నానంటే

2024లో మన దేశంలో 37 లక్షలకు పైగా కుక్క కాట్లు లెక్కకెక్కాయి. లెక్కకెక్కనివి వేరే.

2023 ఫిబ్రవరి 19, ఆదివారం. మనకు దూరం కాని అంబర్‌పేటలో నాన్న పనిచేసే చోటికి వెంట వెళ్లిన నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. ఆ నాన్న కాపలా పని చేసుకునే పేదవాడు. హైకోర్టు ఆ సంగతిని తనంతట తానే విచారణకు తీసుకుంది.

అదే ఏడాది జనవరిలో బంజారాహిల్స్‌లో తిండి పొట్లం ఇవ్వడానికి వెళ్లిన కుర్రవాడి మీదికి ఆ ఇంటి కుక్క ఉరికింది. భయపడి పరుగెత్తి అతను మూడో అంతస్తు నుంచి పడి, తర్వాత దవాఖానాలో చనిపోయాడు. పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు.

అక్కలారా, మొదటిది ఎవరికీ చెందని కుక్కల వల్ల. రెండోది ఇంటి కుక్క వల్ల. రెండు చోట్లా పోయింది కష్టం చేసుకు బతికే వాళ్ల పిల్లలే.

మన కుక్క వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్తపడకపోతే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

వీధికుక్కల సంగతి బల్దియా పని. 2023లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పట్టి, ఆపరేషన్ చేసి, సూది వేసి, మళ్లీ అదే చోట వదలాలి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొన కత్తిరించి ఉంటుంది. ఈసారి చూడండి. మన చుడీబజార్‌లోనే బల్దియా వారి కుక్కల కేంద్రం ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఈ పద్ధతినే చెప్పింది. పిచ్చి పట్టినవాటిని, మీద పడి కరిచేవాటిని మాత్రం వదలవద్దంది. రోడ్డు మీద ఎక్కడ పడితే అక్కడ తిండి వేయవద్దని, వార్డులో అందుకు వేరే చోటు చూపించాలని అంది. అదే ఏడాది నవంబర్ 7న బడులు, దవాఖానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో కుక్కలు లేకుండా చూడాలంది.

కాబట్టి మీ గల్లీలో చెవి కత్తిరించని కుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టండి. కాగితం మీద రాయండి. పది మంది సంతకాలు చేసి బల్దియా ఆఫీసులో ఇవ్వండి. రసీదు అడగండి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చేతులు ఇవి. ఈ రోజు అర్జీ రాయగలవు. దాంతోపాటు మన పని మనం చేయాలి. ఎముకలు, పేగులు, మిగిలిన అన్నం గల్లీ మూలన పారేస్తే కుక్కలు వస్తాయి, కొట్లాడతాయి. చెత్త బండికే ఇవ్వాలి.

కుక్కల లొల్లి మనుషుల లొల్లి కాకూడదు

2024 మే నెలలో మన నగరంలోనే రహమత్‌నగర్‌లో పెంపుడు కుక్క గురించి మొదలైన ఇరుగుపొరుగు తగువు కర్రలతో కొట్టే దాకా పోయింది. మనుషులకూ దెబ్బలు తగిలాయి, కుక్కకూ తగిలాయి. మన పాతబస్తీలో ఇలాంటిది జరిగితే ఇంకా జాగ్రత్త కావాలి. "వాళ్ల కుక్క", "మా కుక్క" అన్న మాట "వాళ్లు", "మేము" అనే దాకా పోవడానికి ఎంతో సేపు పట్టదు.

అందుకని మీ కుక్క ఎవరినైనా కరిస్తే తలుపు వేసుకోకండి. ముందు మీరే సబ్బు, నీళ్లు పట్టుకుని పోండి. ఆటో పిలిచి దవాఖానాకు తీసుకుపోండి. మీ కుక్క సూది చీటీ చూపించండి. ఖర్చు పెట్టండి. నాలుగు సూదులూ అయ్యేదాకా వెళ్లి పలకరించండి. అట్లా చేస్తే తగువు అక్కడే ఆగుతుంది. కరిపించుకున్న వాళ్లు కూడా నలుగురిని వెంటేసుకుని కర్రలతో పోకండి. ముందు గాయం కడుక్కోండి. న్యాయం అడగడానికి పోలీస్ స్టేషన్ ఉంది.

చివరిగా ఒక్కటి. దవాఖానాలో ఇచ్చే చీటీ మీద తేదీలు రాసి ఉంటాయి. మొదటి సూది అయ్యాక నొప్పి తగ్గుతుంది, పనులు మీద పడతాయి, మూడోదో నాలుగోదో మరిచిపోతాం. ఇప్పుడు ఆ తేదీలు చదవడానికి ఎవరినీ బతిమాలనక్కరలేదు. చీటీని క్యాలెండర్ పక్కన మేకుకు గుచ్చండి. క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ గీత గీయండి. పక్కింటి చదువురాని అక్క చీటీ కూడా మీరే చదివి, ఆమెకు తేదీ గుర్తు చేయండి.

సెలవు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ గల్లీలో కుక్కలు ఎక్కడ, ఏ వేళ కొట్లాడుకుంటున్నాయి? కారణం ఏమిటి?

2. ఈ నెల 10వ తేదీన మొదటి సూది పడితే, చర్మంలో ఇచ్చే పద్ధతిలో రెండోది, మూడోది ఏ తేదీల్లో పడాలి?

3. కుక్క కరిస్తే మీ ఇంట్లో ఇంతకుముందు ఏం పూసేవారు? ఇప్పుడు ఏం చేస్తారు?

4. చెవి కత్తిరించని కుక్కల గురించి బల్దియాకు నాలుగు వాక్యాల అర్జీ రాయండి.